ఇరవయ్యో అంతస్తు మీద నెలవంక

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. ఇప్పుడు తలచుకుంటే ఎంత హాయిగా బతికానో అనిపిస్తుంది! ఐదో తరగతితో బడి వదిలి, పొట్లాల కాగితాలు చదివి తెలుగూ, బోరబండ దుకాణాల బోర్డులు కూడబలుక్కుని ఉర్దూ, జీడిమెట్ల ఫ్యాక్టరీలో మిషన్ల మీది అక్షరాలు చూసి ఇంగ్లీషూ నేర్చుకున్నవాణ్ణి. (గురువు లేని చదువుకు ఒకటే జబ్బు. తప్పని చెప్పేవాడుండడు.) ఫ్యాక్టరీలో రిటైరయ్యాక హైటెక్ సిటీలో ఇరవై అంతస్తుల అద్దాల భవనానికి సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేరాను. కొత్త ఉద్యోగం, భుజాల దగ్గర వదులుగా వేలాడే కొత్త యూనిఫాం, జీవితంలో మొదటి స్మార్ట్‌ఫోను. ఆ లోకంలో నేను పసివాణ్ణే. వయసు మాత్రం అరవై రెండు.

ఆ భవనంలో గార్డులు, డ్రైవర్లు, హౌస్‌కీపింగ్ వాళ్ళు కలిపి పన్నెండు మంది ముస్లిములు. వాళ్ళకో వాట్సాప్ గ్రూపు ఉండేది. నడిపేది హౌస్‌కీపింగ్ ఖాలా. (నాకంటే పదేళ్ళు చిన్నదైనా అందరితోపాటు నేనూ ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచేవాణ్ణి.) రంజాన్ నెలలో ఎవరు ఏ నిమిషానికి ఉపవాసం విడవాలో, అప్పుడు గేటు దగ్గర ఎవరిని నిలబెట్టాలో తెలియక నేను తల పట్టుకుంటుంటే, నన్నూ, నాతోపాటు మా హిందూ గార్డులు ముగ్గుర్నీ ఆవిడే అందులో చేర్చింది. "అన్నా, పొద్దుగాల పువ్వుల బొమ్మలు పంపొద్దు. రాజకీయం అసల్కే వద్దు. నమాజు టైముల ఫోన్ చెయ్యొద్దు. గంతే," అంది. నాకా చెప్పేది! మా బామ్మర్దికి ఈ సంగతి తెలిసి, "వాళ్ళ గ్రూపుల నీకేం పని బావా?" అన్నాడు. "నీ గ్రూపుల నాకేం పనో అది చెప్పు ముందు," అని, రోజూ ఎవరినో ఒకరిని తిట్టిపోసే మా చుట్టాల గ్రూపులోంచి ఆ నిమిషమే బయటికి వచ్చేశాను. ఇక్కడ తిట్లు లేవు. ఎవరికి రక్తం కావాలి, ఎవరింట్లో జ్వరం, ఈ రోజు ఇఫ్తారుకు పండ్లు ఎవరు తెస్తున్నారు, అంతే. ఎవరైనా పోయారని తెలిస్తే పన్నెండు మందీ ఒకే ఒక్క ప్రార్థన వాక్యం రాసి ఊరుకునేవారు. ఎట్లా పోయాడు, ఏ దవాఖానలో పోయాడు అని ఆరా తీసేవాడు ఒక్కడూ లేడు. ఆ మర్యాద చూసి నోరు తెరిచాను.

ఇరవై తొమ్మిదో ఉపవాసం నాటి మాట. ఆ సాయంత్రం నెలవంక కనిపిస్తే మర్నాడే ఈద్, లేకుంటే ముప్పయ్యో ఉపవాసం ఉండి ఎల్లుండి పండుగ. మా మేనేజరు కోస్తా వైపు కుర్రాడు, పొద్దుటినుంచీ నా ప్రాణం తీశాడు. "ఏవండీ, పండగ రేపా, ఎల్లుండా? ఏడింటికి డ్యూటీల రోస్టర్ లాక్ అయిపోద్దండీ."

"చంద్రుడు కనపడాలె సార్."

"అదేంటండీ, ముందే డేటివ్వరా?"

"ఎవలు సార్, చంద్రుడా?"

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. నాకు ఒళ్ళు మండింది. అయితే మండటానికి అసలు కారణం డ్రైవర్ మామూ సెలవు. జహీరాబాదు మనిషి. ఆ చలికాలంలోనే తమ్ముడు పోయాడు. తమ్ముడు లేని మొదటి ఈద్. నమాజు కాగానే సమాధి దగ్గరికి పోవాలి. "సాబ్, ఆ ఒక్క దినం ఇప్పియ్యి, సాలంత ఇంకోటి అడుగ," అన్నాడు. నేను మాటిచ్చాను.

సాయంత్రం ట్యాంకులు చూసే వంకతో ఇరవయ్యో అంతస్తు పైకి ఎక్కాను. పొద్దు కుంకింది. గచ్చిబౌలి వైపు రెండు క్రేన్ల నడుమ, పలచని మబ్బు అంచున, గోటితో గీరినట్టు ఒక తెల్లని గీత! నా గుండె ఆగినంత పనయింది. ఊరంతా ఎదురుచూసే దాన్ని ముందుగా నేను చూశాను! ఉర్దూ అక్షరాల్లోనే గ్రూపులో కొట్టాను: చాంద్ దిఖ్ గయా, కల్ ఈద్, సబ్‌కో ముబారక్. ఆ ఊపులోనే మేనేజరుకు ఫోన్ చేసి, "రేపే సార్, లాక్ చేస్కో," అన్నాను. తిరిగి గ్రూపు చూస్తే నా సందేశం లేదు. ఖాలా తీసేసింది.

కిందికి ఎట్లా దిగానో తెలియదు. బేస్‌మెంటులో దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి అందరూ ఇఫ్తారు ముగిస్తున్నారు. "ఏంది ఖాలా, నా కండ్లు కండ్లు కావా? హిందువు కండ్లకు చంద్రుడు కనపడడా?" అని అరిచాను. ఆవిడ నా చేతిలో ఒక ఖర్జూరం పెట్టింది.

"తిను ముందు. గుస్సా తర్వాత. నువ్వు చూసినవేమో, నేను కాదంటలేను. కానీ చూసినా అని చెప్పినోని మెడ మీద ఊరి రోజాలన్ని, ఉపాసాలన్ని ఉంటయన్నా. తప్పయితే అల్లాకు వాడే జవాబు చెప్పాలె. మా బరువు తెచ్చి నీ మెడల ఎట్ల ఏస్తం?"

నన్ను వెలివేశారనుకున్నాను. వాళ్ళు నన్ను కాపాడారు. అప్పుడు చెప్పక తప్పలేదు: రోస్టరు లాక్ అయింది, పన్నెండు మందికీ సెలవు రేపే, ఎల్లుండి అందరూ డ్యూటీలో ఉండాలి.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మామూ లేచి లిఫ్టు వైపు నడిచాడు. వెనకే అందరం పైకి వెళ్ళాం. "ఎవలికన్న కనపడితే చెప్పుండ్రి, మసీదు పెద్దలకు ఫోన్ చేస్త," అంది ఖాలా. పన్నెండు మంది పడమర వైపు తిరిగి నిలబడ్డారు. నేను క్రేన్ల నడుమ వేలు చూపించాను. అక్కడ మబ్బు తప్ప ఏమీ లేదు. కింద రోడ్డు మీద హారన్లు, చుట్టూ అద్దాల గోడల్లో వెలిగే దీపాలు, పైన మబ్బులోకి చూస్తున్న మనుషులు. అందరి కంటే ఎక్కువసేపు చూసింది మామూ. "అవును" అన్న ఒక్క ముక్క అంటే చాలు, ఈద్ రేపే, తమ్ముడి దగ్గరికి పోవచ్చు. పక్కనే నేనున్నాను, చూశానని ఒట్టు వేయడానికి సిద్ధంగా. చీకటి పడేదాకా చూసి, కళ్ళు తుడుచుకుని, "నాకు కనపడలే ఖాలా," అన్నాడు.

నా జీవితంలో ఎందరో పెద్దమనుషుల్ని చూశాను, మీటింగుల్లో సత్యం మీద గంటలు గంటలు మాట్లాడినవాళ్ళని. ఆ ఒక్క ముక్క ముందు వాళ్ళంతా చిన్నబోయారు.

కాసేపటికి పెద్దల ప్రకటన వచ్చింది. నెలవంక కనిపించలేదు, ఈద్ ఎల్లుండి. మేనేజరుకు ఫోన్ చేశాను.

"సిస్టంలో రేపే పండగండీ, ఇంక మార్చలేం."

"సిస్టంల రేపే ఉండనీ సార్! మనుషులు ఎల్లుండి చేస్కుంటరు. రేపు వాళ్ళొస్తరు, ఎల్లుండి మేం నిలబడ్తం. నీకు గేటు కాడ తలకాయలు కావాలె, ఏ తలకాయైతే ఏంది?"

"తలకాయలు తగ్గకూడదండీ," అన్నాడు చివరికి. మర్నాడు సిస్టం ప్రకారం పండుగ చేసుకుంటున్న పన్నెండు మందీ ఉపవాసంతో డ్యూటీ చేశారు. ఆ మరుసటి రోజు మా ముగ్గురు గార్డులూ, కొత్తగూడ నుంచి బతిమాలి తెచ్చిన మరికొందరూ, నేనూ పొద్దుట ఐదింటి నుంచి నిలబడ్డాం. మధ్యాహ్నానికి మామూ గ్రూపులో ఫోటో పెట్టాడు. తడి మట్టి మీద గులాబీ రేకులు. కింద ఒక్క అక్షరం లేదు. నేనూ ఏమీ రాయలేదు. గేటు దగ్గర కాసేపు టోపీ తీసి నిలబడ్డాను.

రెండేళ్ళ తర్వాత కంటి డాక్టరు చూసి, రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయి, చాలాకాలం నుంచే ఉండాలి అన్నాడు. ఆ కుర్చీలోనే పడీపడీ నవ్వాను. పాపం ఆయన బెదిరిపోయాడు. ఆపరేషన్ అయ్యాక ఇప్పుడు నాకు క్రేను బోల్టులు కూడా లెక్కపెట్టగల చూపుంది. ప్రతి ఏడూ ఇరవై తొమ్మిదో సాయంత్రం పైకెక్కి చూస్తాను. ఒకసారి నిజంగానే కనిపించింది కూడా. ఎవరికీ చెప్పకుండా దిగివచ్చి ప్రకటన కోసం కూర్చున్నాను. తెలివి వచ్చిందని సంతోషించాలి కాబోలు. అయినా ఆ అరవై రెండేళ్ళ పసివాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. కళ్ళ నిండా పొరలు, చేతిలో కొత్త ఫోను. పండుగ తనది కాకపోయినా ఆ ఏడు నగరం మొత్తంలో అందరికంటే ముందు సంబరపడింది మాత్రం వాడే.