ఉతకకూడని జెండా

కాలేజీ బ్యాండు బట్టలు చూసుకునే వెల్డాకు మురికంటే ఒళ్లుమంట. తమ జట్టు పొరుగూరి కాలేజీ చేతిలో ఓడేదాకా బ్యాండు జెండాను ఉతకకూడదన్నది అక్కడి ఆచారం. ఏళ్ల తరబడి ఓడితేగా! కంపు భరించలేక, ఎవరికీ చెప్పకుండా వెల్డా దాన్ని ఉతికి ఆరేసింది. ఆ శనివారమే బాస్కెట్‌బాల్‌లో ఆ కాలేజీ చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు.

జెండా ఊపే కర్టిస్ అందులోనే మొహం దాచుకుని ఏడ్చాడు. సబ్బు వాసన తగిలి, తలెత్తి వెల్డా వైపు చూశాడు.

డ్రమ్ములు వాయించే డ్వైట్‌కూ ఆ వాసన తగిలింది. "దీన్నెవడ్రా ఉతికింది?"

"నేనే," అన్నాడు కర్టిస్.

"నీ సాక్సులు ఉతుక్కోవు గానీ, జెండా ఉతుకుతావురా?" అందరూ వాడి మీద విరుచుకుపడ్డారు.

వెల్డా ఇప్పటికీ కర్టిస్ చొక్కాను అందరి చొక్కాలకంటే శ్రద్ధగా ఇస్త్రీ చేస్తుంది. నోరు మాత్రం విప్పలేదు.