మూఢంలో లెక్కపెట్టిన బస్సు

2024 జూన్. రాజమండ్రినీ చుట్టుపక్కల ఊళ్లనూ కలిపి రాబోయే ఇరవై ఏళ్లకు రవాణా ప్రణాళిక తయారుచేస్తున్నాం. ఏ రోడ్డు వెడల్పు చేయాలి, ఏ బస్సు పెంచాలి, ఏది ఆపాలి అన్నది మా రిపోర్టును బట్టే ఉంటుంది. నా వంతు బోర్డింగ్ సర్వే, అంటే బస్సులో తిరుగుతూ ఏ స్టాపులో ఎంతమంది ఎక్కారో, ఎంతమంది దిగారో రాసుకోవడం.

సెలవుల్లో లెక్కపెడితే తప్పుడు లెక్క వస్తుందని బళ్లు తెరిచేదాకా ఆగాం. అంత జాగ్రత్తగా ఉన్నానని నాకు కాస్త గర్వం కూడా! గోదావరి గట్టు మీది ఊళ్ల నుంచి ఆత్రేయపురం మీదుగా వచ్చే తొలి బస్సులో వారం రోజులు తిరిగాను. ఏ రోజూ తొమ్మిదిమందికి మించలేదు. డ్రాఫ్టులో ‘ఈ ట్రిప్పు అవసరం లేదు’ అని రాసేశాను.

జూలైలో ఆత్రేయపురంలో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాం. ఆపాల్సిన ట్రిప్పులు చదువుతుంటే వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. పేరు సత్యవతి. కుండ మీద పూతరేకులకు రేకులు తీసే పని.

“ఆ బస్సు తీసేస్తే నేను పని మానుకోవాలండి. తెల్లారేసరికి కుండ దగ్గరుండాలి. ఎండెక్కితే ఆ సెగకి కూర్చోలేం. అయినా ఎప్పుడు లెక్కెట్టారండి?”

“జూన్ మూడో వారంలో అమ్మా.”

“మూఢంలోనా!” ఆవిడ ముక్కున వేలేసుకుంది. “పెళ్లిళ్లు లేనప్పుడు పూతరేకులు ఎవరు కొంటారండి బాబూ? మా వాళ్లలో చాలామంది ఇళ్ల దగ్గరే ఉన్నారు. మీ ఇంట్లో మూఢంలో శుభకార్యాలు చేస్తారేంటండీ?”

హాలంతా గొల్లున నవ్వింది. మా చెల్లి పెళ్లిని ఆ మూఢం మూలంగానే శ్రావణానికి జరిపాం. ఇంట్లో రోజూ అదే మాట. ఆఫీసులో కూర్చున్నాక అది బుర్రకు తట్టలేదంటే నా చదువు తగలెయ్యనా? సిగ్గుతో చచ్చిపోయాను.

మా టీమ్ లీడర్ విసుక్కున్నారు. “ఒక్క బస్సు కోసం మళ్లీ సర్వే ఏంటయ్యా? గడువు దగ్గరపడుతుంటే!”

“తప్పు నాదండి. నేనే వెళ్లి లెక్కపెట్టుకొస్తాను” అన్నాను.

శ్రావణంలో చెల్లి పెళ్లయిన వారానికి మళ్లీ ఆ బస్సెక్కాను. కాలు పెట్టే చోటు లేదు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ లెక్కపెట్టాను. డెబ్బై దాటారు. జనంలోంచి సత్యవతి నన్ను చూసి నవ్వింది.

“ఇప్పుడు సరిపోయిందాండీ?”

“సరిపోయిందమ్మా. బస్సు ఉండాలనే రాస్తాను. మీరు చెప్పకపోతే పెద్ద పొరపాటు జరిగేది.”

“ఆయ్” అంది. తన స్టాపు రాగానే దిగబోతూ ఆగింది. “మీరు మూఢంలో లెక్కెట్టిన తొమ్మిదిమందిలో నేనూ ఉన్నానండి. పెళ్లిళ్లకి మూఢం గానీ పొట్టకి ఉండదు గదండీ.”

ఇప్పుడు ఏ సర్వేకైనా తేదీ వేసేముందు పంచాంగం చూస్తాను. ఆఫీసులో నన్ను పంతులుగారూ అని ఆటపట్టిస్తారు. పట్టించనీ, పంచాంగం చూడటం సులువే. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది వేరే ఉంది. ఆ వారమంతా ఆవిడ ఎక్కడం, దిగడం నా చేత్తోనే రాసుకున్నాను. ఎక్కడికమ్మా అని ఒక్కరోజూ అడగలేదు.