తునికాకు కట్ట నేర్పిన ఖోఖో

ఏడాదిన్నర పాటు జమ్లి రోజూ బడికి పోయింది. ఆరో తరగతి, ఆ తర్వాత ఏడో తరగతి గది బయట, పిల్లల చెప్పుల వరస పక్కన, వరండాలో కూర్చోవడానికి. "నీ బిడ్డ లోపల ఉండాలంటే నువ్వు బయట ఉండాలె" అన్నాడు పెద్దసారు. కూతురు నవత గదిలోంచి లేచి ఉరికినప్పుడల్లా పట్టుకొచ్చి మళ్లీ కూర్చోబెట్టడం ఆమె పని. ఒక కుర్చీ కూడా వేయలేదు. మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లోనూ కూలి వదులుకుని అక్కడే ఉంది. టేకులపల్లి దగ్గరి తండా నుంచి వచ్చిన లంబాడీ తల్లి కాబట్టి ఆ షరతు పెట్టగలిగారు. కారు దిగి వచ్చే తల్లినైతే అట్లా నేల మీద కూర్చోబెట్టేవాళ్లా? ఈ మాట నేను అడుగుతున్నాను గానీ, జమ్లి ఏనాడూ అడగలేదు. "బిడ్డను తీసేయలే గదా, అదే సాలు" అంటుంది ఇప్పటికీ.

నవత మొండి పిల్ల కాదు. పలక ఇస్తే పలకను, బలపం ఇస్తే బలపాన్ని పోగొట్టేది. నీళ్లు తెమ్మని బిందె ఇచ్చి పంపితే మేకపిల్ల వెంట పడి గుట్ట దాటేది. తండాలో అందరూ దానికి "గాలి" అని పేరు పెట్టారు. తండ్రి తుల్సీరాం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో కాంట్రాక్టు కార్మికుడు. డ్యూటీ దిగి వచ్చాక తండావాళ్లు చెప్పే ఫిర్యాదులు వినీ వినీ రెండు దెబ్బలు వేసేవాడు. దెబ్బ తిన్న పిల్ల ఏడుస్తూనే గోడ దూకి పోయేది.

ఆ బడికి శోభారాణి ఆటల టీచరుగా వచ్చింది. కొత్తగూడెం బొగ్గు కార్మికుడి కూతురు, మాట కటువు. మొదటి రోజే వరండాలో ఆగింది.

"ఎవరమ్మా నువ్వు? ఏంది ఈడ కూసున్నవ్?"

"కాపలా మేడం."

"దేనికి? చెప్పులకా?"

"బిడ్డకు."

శోభారాణి నేరుగా పెద్దసారు గదిలోకి పోయింది. ఏం మాట్లాడిందో గానీ, బయటికి ఆయన గొంతే వినపడింది: "సరే, ఆ పిల్ల పూచీ నీదే. నీ ఆటల్లో తిప్పుకో. కానీ పోటీల్లో బడి పరువు తీసిందంటే ఆట బంద్, తల్లి మళ్లా వరండాలకే." ఆ సాయంత్రమే జమ్లి వరండా కాపలా మాని ఇంటికి పోయింది.

శోభారాణి చేర్చిన ఖోఖో జట్టులో నవతను ముట్టుకోగలిగేవాళ్లు లేరు. తప్పించుకోమంటే చాలు, చేతిలో చేపలాగా జారిపోయేది. చిక్కల్లా తరిమే వంతు వచ్చినప్పుడే. అప్పుడు వరసలో గొంతుక్కూర్చుని ఉండాలి. వెనక నుంచి తోటి పిల్ల వీపు తట్టి "ఖో" అన్నాకే లేవాలి. ముందే లేస్తే ఫౌల్. నవత ఎప్పుడూ ముందే లేచేది. శోభారాణి గీత బయట నిలబడి "ఆగు, కూసో, అటు చూడు, ఇటు తిరుగు" అని గొంతు పోయేలా అరిచేది. ఆ అరుపుకు పిల్ల మరింత ఎగిరిపడేది. కోపమొచ్చి గ్రౌండు చుట్టూ పది రౌండ్లు కొట్టమంటే, నవ్వుకుంటూ పన్నెండు కొట్టి వచ్చి "ఇంకా కొట్టాలా మేడం?" అని అడిగింది. శిక్షగా పెట్టింది బహుమతి అయిపోయింది.

చలికాలం పోటీలో నవత నాలుగు ఫౌళ్లు చేసింది, బడి ఓడింది. పెద్దసారు వేలు చూపించాడు. వానాకాలం మండల సెలెక్షన్లు ఆఖరి అవకాశం అన్నాడు.

మే నెలలో శోభారాణి తండాకు బయలుదేరింది, నవతను ఇక జట్టులోంచి తీసేస్తానని చెప్పడానికే. బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులవి. తెల్లవారక ముందే అడవికి పోయి కోసుకొచ్చిన ఆకును మధ్యాహ్నం గుడిసె నీడన కూర్చుని, యాభై ఆకులకో కట్ట చొప్పున నారతో కడతారు. అక్కడ నవత కూర్చుని ఉంది. కదలకుండా, తల ఎత్తకుండా.

"ఇది మా నవతేనా? వేరే పిల్లనా?"

"అదే మేడం. గంట నుంచి కడుతున్నది" అంది జమ్లి.

"ఏం మందు పెట్టినవ్?"

జమ్లి నవ్వింది. ఆకు కుప్పంతా తన వెనక, గోనెపట్టా కింద దాచి పెట్టింది. కూతురి ముందర ఒక్క కట్టకు సరిపడా ఆకే. నవత ఐదైదు ఆకులు వేళ్లతో లెక్కపెట్టి, పది ఐదులు కాగానే కట్టేసి, లేచి ఉరికి, ఎండలో వరసకు పేర్చి, మళ్లీ ఉరికి వచ్చేది. అప్పుడు తల్లి ఇంకో కట్ట ఆకు ముందు పెట్టేది.

"కుప్ప జూస్తే దానికి కాళ్లు ఆగవు. చేతికి పనుంటే ఆగుతయ్. నేను దూరంకెల్లి అరవను. దగ్గరికి పోయి వీపు మీద చెయ్యేస్త. ఒక్కటే మాట చెప్త. అయినంక ఇంకోటి."

శోభారాణి ఆకు దుమ్ములోనే కూలబడింది. నవతను తీసేసే ఆలోచన అక్కడే మానుకుంది. "రెండు కోచింగ్ సర్టిఫికెట్లున్నయ్ నాకు. గిది ఒక్కరూ చెప్పలే" అంది.

ఒకసారి డాక్టరుకు చూపిద్దామని శోభారాణి అనడంతో, ఆ వారమే ఆమె, తల్లీకూతుళ్లు ముగ్గురూ ఇల్లందులో బస్సు మారి ఖమ్మం దవాఖానాకు పోయారు. డాక్టరమ్మ చాలాసేపు అడిగి, మళ్లీ రెండు సార్లు పిలిచి చూసి చెప్పింది: దీన్ని ఏడీహెచ్‌డీ అంటారు, మనసు ఒకచోట నిలవదు, ఒళ్లు ఆగదు, ఇది పొగరూ కాదు, పెంపకంలో లోపమూ కాదు. మందు రాసింది. జమ్లి చేసే పద్ధతంతా విని, "ఇది మానొద్దు. ఎవరు నేర్పిండ్రు నీకు?" అని అడిగింది.

"బిడ్డే నేర్పింది" అంది జమ్లి. 'పెంపకంలో లోపం కాదు' అన్న మాటకు బస్సులో ఇల్లందు దాకా ఏడ్చింది.

బడి తెరిచాక శోభారాణి అరవడం మానేసింది. రోజుకు ఒక్క సంగతే నేర్పింది. వరసలో కూర్చున్నప్పుడు నవత వేళ్లకు పని ఇచ్చింది: మట్టి మీద ఐదైదుగా ఆకులు లెక్కపెట్టినట్టు నొక్కుతూ ఉండాలి, వీపు మీద చెయ్యి పడగానే లెక్క వదిలేసి లేవాలి.

సెలెక్షన్ రోజు తుల్సీరాం మొదటి షిఫ్టు దిగి, బొగ్గు బట్టలతోనే టేకులపల్లి గ్రౌండుకు వచ్చాడు. నవత మొదట్లోనే ఒక ఫౌల్ చేసింది. పేరు కొట్టేయడానికి అన్నట్టు పెద్దసారు పెన్ను తీశాడు. తుల్సీరాం ఆగలేకపోయాడు.

"ఏయ్ నవతా! లేవకు! లేస్తే కాళ్లిరగ్గొడ్త!"

జమ్లి మొగుడి చొక్కా పట్టి లాగింది. "నోరు ముయ్. నువ్వు ఒర్రుతే దాని లెక్క తప్పుతది."

"ఏం లెక్కనే?"

"ఆకు లెక్క. నువ్వూ పెట్టుకో, సప్పుడు సెయ్యకుండ."

బొగ్గు అంటిన వేళ్లతో ఆయన నిజంగానే లెక్కపెట్టుకున్నాడు. అవతల నవత మట్టి మీద వేళ్లు నొక్కుతూ, పెదవి కొరుకుతూ కూర్చుంది. చెయ్యి పడేదాకా లేవలేదు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు, ఆటంతా. ఆ మొదటి ఫౌల్ తర్వాత ఇంకొకటి లేదు. మండల జట్టు జాబితాలో ఆమె పేరు ఉంది. పెద్దసారు పెన్ను జేబులో పెట్టుకుని వచ్చి జమ్లికి నమస్కారం పెట్టాడు. ఏడాదిన్నరకు అది చాలదు. జమ్లి మాత్రం రెండు చేతులెత్తి తిరిగి దండం పెట్టింది.

తర్వాత ములకలపల్లిలో జరిగిన జిల్లా సెలెక్షన్‌లో నవత ఎంపిక కాలేదు. కాసేపు ఏడ్చి, రెండు ప్లేట్ల పూరీ తిని, వచ్చే ఏడు చూసుకుందాం అంది. శోభారాణికి జమ్లి మీద, జమ్లికి శోభారాణి మీద, ఇద్దరికీ ఆ డాక్టరమ్మ మీద ఎంత కృతజ్ఞతో వాళ్ల మాటల్లో వినాలి. వాళ్లను చూశాక నాకూ అదే మిగిలింది.

అయితే ఈ తల్లి ఒక్క డాక్టరును చూపించడానికి మూడుసార్లు రెండేసి బస్సులు మారింది. అందరు తల్లులూ మారలేరు. అందుకే అడుగుతున్నాను. మీ ఊళ్లో ఈసారి గ్రామసభ జరిగినప్పుడు లేచి నిలబడండి. పిల్లల మనసు చూసే డాక్టరు నెలకొకసారి మండల కేంద్రానికి రావాలనీ, టీచర్లకూ ఆటల టీచర్లకూ ఈ పిల్లల గురించి శిక్షణ ఇవ్వాలనీ తీర్మానం రాయించండి. దాని నకలు కలెక్టరుకు పంపండి. మీరు తల్లో తండ్రో కోచో అయితే ఇంకొకటి: ఇవాళ మీరు గీత బయట నిలబడి ఏ పిల్ల మీద అరిచారో, రేపు ఆ పిల్ల దగ్గరికి నడిచి వెళ్లి, ఒక్క మాటే చెప్పి చూడండి.