కేథరిన్ పాఠం విన్న నూకరత్నం

1979లో నేను విశాఖపట్నంలో ఒక మహిళా కళాశాలలో చరిత్ర లెక్చరర్‌ని. బి.ఏ. పిల్లలకి ఇంగ్లండు చరిత్ర చెప్పడం నా వంతు. అందులో వాళ్ళకి కొరుకుడు పడనిది సక్సెషన్, అంటే ఒక రాజు పోయాక గద్దె ఎవరికి దక్కాలన్న తగువు. ఎవరు ఎవరిని పెళ్ళాడారో తెలియకపోతే అది అర్థం కాదు. అందుకే నేను పెళ్ళిళ్ళ దగ్గర్నుంచే మొదలుపెట్టేదాన్ని.

ఆ ఏడు రెండో సంవత్సరంలో నూకరత్నం అనే అమ్మాయి ఉండేది. తగరపువలస దగ్గరి రైతుల పిల్ల. భర్త పోర్టులో గుమస్తా. పెళ్ళయ్యాక పట్టుబట్టి ఆమెను కాలేజీలో చేర్పించింది అతనే. ఆ వేసవిలో కామెర్లతో పోయాడు. కొన్నాళ్ళు రావడం మానేసి, తరువాత వచ్చి వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టింది.

ఒకరోజు స్పెయిన్ రాకుమారి కేథరిన్ గురించి చెబుతున్నాను. ఇంగ్లండు యువరాజు ఆర్థర్‌ని పెళ్ళాడి, ఏడాది తిరక్కుండానే భర్తను పోగొట్టుకుంది. రెండు రాజ్యాల పొత్తు చెడకూడదని పెద్దలు ఆమెను మరిది హెన్రీకే ఇస్తామన్నారు. అన్న భార్యను చేసుకోవడం మతానికి విరుద్ధం కనుక పోప్ దగ్గర్నుంచి డిస్పెన్సేషన్, అంటే ప్రత్యేక మినహాయింపు, తెప్పించారు.

నూకరత్నం లేచి నిలబడింది. "ఆవిణ్ణి ఎవులైనా అడిగినారా మేడమ్?"

"అడిగినట్టు నేనెక్కడా చదవలేదమ్మా," అన్నాను.

క్లాసయ్యాక స్టాఫ్ రూముకి వచ్చింది. భర్త ఉద్యోగం ఇంట్లో ఒకరికి ఇస్తామని పోర్టువాళ్ళు అన్నారు. మొదటి హక్కు భార్యదే.

"దాన్ని మా మరిదికి ఒదిలేసి, ఆణ్ణే మారుమనువు సేసుకోమంతన్నారు మేడమ్. ఆడు నాకన్నా నాలుగేళ్ళు సిన్నోడు. ఆడి ఇస్కూలు సొక్కాలకి బొత్తాలు కుట్టినదాన్ని నాను. ఏటి సేసీది?"

ఆమెను కూర్చోబెట్టి, పాఠంలో మిగిలింది చెప్పాను. మరిదితో పెళ్ళి కోసం ఏళ్ళ తరబడి వేచి ఉన్న కాలంలో కేథరిన్‌ని ఆమె తండ్రి ఇంగ్లండు కొలువులో తన రాయబారిగా నియమించాడు. రాణి అయ్యాక, హెన్రీ ఫ్రాన్సు మీద యుద్ధానికి వెళ్తే, ఆమె రీజెంటుగా, అంటే రాజు బదులు పాలకురాలిగా, ఉంది. స్కాట్లండువాళ్ళు దండెత్తి వస్తే సైన్యాన్ని సమకూర్చి పంపింది, గెలిపించింది.

"అయితే రాజ్యం సెయ్యడం ఆవిడకొచ్చన్నమాట," అంది నెమ్మదిగా.

"వచ్చు."

"ఆ సంగతి ముందే సూసుంటే ఆ పెళ్ళితో పనేటి మేడమ్?"

ఆ ఆదివారం వాళ్ళింట్లో పెద్దలు కూర్చుంటున్నారని, తోడు రమ్మని అడిగింది. వెళ్ళాను. ఆమె భర్తకి మేనమామ, పెద్దాయన, మాట మొదలుపెట్టాడు. "ఆడకూతురు పోర్టుకెల్లి ఏటి సేత్తాది? మగోడికిత్తే ఇల్లు నిలబడతాది."

నూకరత్నం తల దించలేదు. "టైపు నేర్సుకుంతన్నాను బాబూ. ఉద్యోగం నాను సేత్తాను. మాయత్త నా కాడే ఉంతాది. మరిదిని సదివిత్తాను. ఆడు నాకు కొడుకులాటోడు. ఆణ్ణి నాకు మొగుణ్ణి సెయ్యకండి."

గుమ్మం దగ్గర నిలబడ్డ మరిది భోరుమన్నాడు. "నాకూ ఇట్టం నేదు ఒదినా. సెప్పడానికి బయమేసినాది."

అంతవరకు గోడకి చేరగిలబడి ఉన్న అత్తగారు కళ్ళు తుడుచుకుని లేచింది. "నా కొడుకు దీన్ని సదివించింది ఇందుకేనేటో. ఇంక లెగండి, అన్నాలు తిందురుగాని."

అంతే, పంచాయితీ ముగిసింది.

నూకరత్నం పోర్టులో చేరింది. బి.ఏ. ప్రైవేటుగా పూర్తిచేసింది. మరిది డిప్లొమా చదివి, స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో అక్కడే ఉద్యోగం సంపాదించాడు. తరువాత కొన్నేళ్ళకి ఆమె తను మెచ్చినతన్ని సింహాచలంలో పెళ్ళాడింది. దగ్గరుండి జరిపించింది అత్తగారే.

చరిత్ర చెప్పేవాళ్ళం గద్దె ఎవరికి దక్కిందో చెప్పి ఊరుకుంటాం. దాని చుట్టూ బతుకులు ముడిపడ్డవాళ్ళకి ఏం వచ్చు, ఏం కావాలి అన్నదీ చరిత్రేనని నాకు తెలిసింది ఆ అమ్మాయి వల్ల. ఆ తరువాత ఏ రాణి పెళ్ళి పాఠం వచ్చినా, అప్పటికి ఆ పిల్ల వయసెంతో, ఏ భాష మాట్లాడేదో, ఏ పని తెలిసినదో ముందు చెప్పేదాన్ని. పరీక్షలో రానివైనా పిల్లలు వాటిని శ్రద్ధగా రాసుకునేవారు.