గోడలో మూలుగు

ఇందులో ఒక్క మాట అబద్ధమైనా నా నోరు పడిపోనీ. నిజాం రోజులవి. ఎల్లారెడ్డి పట్నం దగ్గర ఒక ఊళ్ళో మా అక్క రాజవ్వకు తోడుగా ఉండడానికి వెళ్ళాను. చలికాలంలో ఆమెకు పుట్టిన బిడ్డ మూడో రోజే చనిపోయింది. వాగు ఒడ్డున పూడ్చారు. అప్పటినుంచి అక్కకు తిండి లేదు, నిద్ర లేదు.

ఎండాకాలంలో, కూలిన ఇంటి మట్టిగోడను బావ మళ్ళీ పెట్టాడు. మట్టి ఆ వాగు ఒడ్డుదే. ఊరంతా అక్కడే తవ్వుకుంటారు. బిడ్డ ఉన్న చోటికి చాలా దూరంలోనే తవ్వానని చెప్పాడు. అక్క నమ్మలేదు.

తొలివాన పడిన రాత్రి... దీపం ఆరింది. వాన చప్పుడు మధ్యలో... ఊఁ... ఆగింది. మళ్ళీ... ఊఁ... గోడలోంచి. పసిబిడ్డ ఏడ్చి ఏడ్చి అలసి మూలిగినట్టు.

అక్క గోడకు చెవి ఆనించింది. "నా బిడ్డను గోడల పెట్టినవ్" అంది బావతో.

"కాదే రాజవ్వ. మట్టిల పండుకునే గుండ్రటి కప్ప. మట్టితోని గోడలకొచ్చింటది. వానకు లేచింది."

అలాంటి కప్పలు నేనూ చూశాను. మచ్చలున్నవి కొన్ని, ఉత్త మట్టి రంగువి కొన్ని. ఏడాదంతా భూమిలోనే ఉండి, తొలివానకు బయటికొచ్చి, పొట్ట ఉబ్బించి అరుస్తాయి. అన్నీ తెలుసు... అయినా ఆ గోడకు దూరంగా జరిగాను.

"కప్పయితే తీసి సూపియ్యి. లేకుంటే నేనే గోళ్ళతోని తవ్వుత" అంది అక్క.

వానలో పచ్చి గోడను తవ్వితే ఇల్లే మీద పడొచ్చు. బావ దీపం మళ్ళీ వెలిగించి ఆమె ముఖం చూశాడు. గడ్డపార తీశాడు. ఆ మనిషి మీద నాకు గౌరవం పుట్టింది అప్పుడే.

తవ్వుతున్నంతసేపూ మూలుగు... దగ్గరవుతూ... మూరెడు లోతులో చిన్న బొరియ తగిలింది. మూలుగు ఆగిపోయింది.

బావ చెయ్యి పెట్టి తీశాడు. కప్పే. కానీ... ఎండిపోయి ఉంది. ఎండిన తోలు ముక్కలా బరువే లేదు. చచ్చి ఎన్నాళ్ళయిందో. మరి ఇప్పటిదాకా మూలిగింది ఏది?

అక్క దాన్ని కొంగులో పెట్టి ముడి వేసింది. ఒడిలో ఉంచుకుని గుమ్మంలో కూర్చుంది. జల్లు మీద పడుతోంది. బావ లోపలికి రమ్మనలేదు. గొంగడి తెచ్చి ఆమె మీద వేసి, పక్కనే కూర్చున్నాడు.

తెల్లారేసరికి అక్క గాఢంగా నిద్రపోతోంది. అన్ని నెలల్లో అదే మొదటిసారి. మెల్లగా కొంగు ముడి విప్పాను... తడి మట్టి. అంతే.

కప్ప బతికి పోయిందా? వేసిన ముడి వేసినట్టే ఉంటే ఎలా పోయింది? బావ మాత్రం బతికినన్నాళ్ళూ "కప్పనే" అన్నాడు. కానీ గోడలో ఆ బొరియను ఎన్నడూ పూడ్చలేదు.