పాము ఒళ్లు పొడిగానే ఉంటుంది

నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బడి పిల్లలకు పామును చూపించడానికి వెళ్లాను. గుడ్డసంచి విప్పగానే వచ్చిన వాసనకు నా నాలుగో తరగతి గుర్తొచ్చింది.

అప్పుడు మా బడికీ ఒకాయన పామును తెచ్చాడు. అందరికంటే ముందు నేనే ముట్టుకున్నాను. తోలు బెల్టులా పొడిగా ఉంది. చేతికి చుట్టుకుంటే, నేను నచ్చాననుకుని పొంగిపోయాను. దానికి కావలసింది నా ఒంటి వేడి మాత్రమేనని ఇప్పుడు తెలుసు.

మర్నాడు టీచరు, పాము ఒళ్లు జిగటగా ఉంటుందని రాయమంది.

"పొడిగనే ఉండె మేడమ్."

"చెప్పింది రాయరా. లేదంటే బయట నిలబడు."

"మీరు ముట్టుకున్నరా? నిన్న కుర్చీ ఎక్కినరు గదా!"

వారం రోజులు వరండాలో నిలబడ్డాను. క్లాసులోకన్నా అక్కడే గాలి బాగుంది. ఏడో తరగతిలో చదువు మానేశాను గానీ, ఆ జవాబు మాత్రం మార్చలేదు.

నిన్నటి బడిలో, ముందు ఎవరు ముట్టుకుంటారని అడిగితే పిల్లలంతా చేతులెత్తారు. నేను మాత్రం గోడకు అతుక్కున్న వాళ్ల టీచరును పిలిచాను.

"ముందు మీరు రండి మేడమ్. జర ముట్టుకొని, ఎట్లుందో పిల్లలకు మీరే చెప్పండి."