ఆయన కట్టిన టైము

బెజవాడ దగ్గర మా వ్యాగన్ల షాపులో ఒక్కో పనికి ఇంత టైమని కడతారు. అంతకంటే ముందే ముగిస్తే గంట కూలి మీద అదనం వస్తుంది. అందుకే ఆ టైము కట్టడానికి ఆఫీసు నుంచి గడియారం మనిషి కొలవడానికి వస్తే అందరం చెయ్యి నెమ్మది చేస్తాం.

పామర్రు నుంచి వచ్చే పెద్ద వెల్డరు ఒకాయన మాత్రం, ఎవరైనా చూస్తుంటే ఆగలేడు. ఒకసారి గడియారం మనిషి ముందే, రెండు గంటలు పట్టే వ్యాగన్ తలుపును గంటలో అతికించేసి, మాస్క్ ఎత్తి నవ్వాడు.

"ఏంటండీ ఇది? అందరి కొంపా ముంచారు కదండీ!" అని అరిచాను.

"మర్చిపోయానయ్యా" అన్నాడు.

ఆ గంటే అందరికీ ఖాయమైంది. అదనం మళ్లీ ఎవరి కంటా పడలేదు. కొన్నాళ్లకు ఆయన చనిపోతే పామర్రులో పాడె మేమే మోశాం. అయినా నేను తలుపు మొదలుపెట్టగానే పక్కన ఆయన వెల్డింగు చిటపట వినిపిస్తుంది, ఎప్పుడూ నాకంటే జానెడు ముందు. ఎంత తిట్టుకున్నా పోదు.

నిన్న గడియారం మనిషి మళ్లీ కొలవడానికి వచ్చాడు. షాపంతా నెమ్మదించింది. నా చెయ్యి మాత్రం ఆ చిటపట వెంట పరుగెత్తింది. తలుపు పూర్తయ్యాక మాస్క్ ఎత్తాను. తోటివాళ్లు నన్ను తినేసేలా చూస్తున్నారు.

నేను నవ్వుతున్నాను.